కదిలిన ఫోటో

ముందుగా ఒక క్షమాపణ. నేను అక్షరాలు నేర్చుకుని రెండేళ్ళే అయింది. ఒత్తు ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడితే, దీర్ఘం జారిపోతే, మీరే సర్దుకుని చదువుకోండి. నా రాత నిదానం. ఈ కాసిని కాగితాలకు ఇరవై రోజులు పట్టింది. మా తోటికోడలు దిద్దిపెడతానంది, నేనే వద్దన్నాను. తను దిద్దితే బాగానే ఉంటుంది గానీ, తను చెప్పినట్టు ఉంటుంది.

నేను సంచులు కుడతాను. కూరగాయల సంచులు కావు. అడవి గేటు వెనకాల డ్రైవర్లు ఉండే ఇళ్ళ వరసలో మా ఇల్లు. జంతువుల్ని ఫోటోలు తీయడానికి వచ్చేవాళ్ళు పెద్ద పెద్ద కెమెరాలు తెస్తారు. వాటి ముందు గొట్టం ఒక్కోటి నెలల పిల్లంత బరువుంటుంది. చేత్తో పట్టుకుంటే రెండు నిమిషాల్లో చెయ్యి లాగేస్తుంది, ఫోటో కదిలిపోతుంది. అందుకని జీపు అంచు మీద ఒక సంచి వేసి, దాని మీద గొట్టం ఆనిస్తారు. ఆ సంచి నేను కుడతాను, నేనే నింపుతాను.

చూడటానికి తలగడలా ఉంటుంది గానీ అందులో ఒక లెక్క ఉంది. నిండా నింపితే రాయి అవుతుంది, గొట్టం దొర్లిపోతుంది. సగమే నింపితే గొట్టం దిగబడి ఇనుముకు తగులుతుంది. ముప్పాతిక నింపాలి. బియ్యమే పోయాలి. చింతగింజల్లాంటివి పోస్తే గలగలమంటాయి, జింకలకు వినపడుతుంది. లోపల పల్చని గుడ్డ, పైన మందపాటి గుడ్డ, రెండు వరసల కుట్టు. ఒకసారి ఒక కోతి జీపులోంచి సంచి ఎత్తుకుపోయి చెట్టెక్కి చించింది. కింద ఉన్న వాళ్ళ మీద బియ్యం రాలాయి. ఆ కుట్టు ఒక వరసే వేసిన కుట్టు. అప్పటినుంచి రెండు.

ఇదంతా నాకు చెప్పింది మా ఆయన. ముప్పై ఏళ్ళు ఆ అడవిలో జీపు నడిపాడు. తన చేత్తో ఒక్క ఫోటో తీయలేదు, కానీ ఫోటోలు తీసేవాళ్ళు ఆయన జీపే కావాలని పట్టుబట్టేవాళ్ళు. ఎండ వీపు వైపు ఉండేలా బండి ఆపేవాడు. జంతువు ఎటు నడుస్తోందో చూసి, అది రాబోయే చోటికి ముందే వెళ్ళి కూర్చునేవాడు. వెంటపడేవాడు కాదు. "వెంటపడితే దాని వెనకభాగమే వస్తుందండీ ఫోటోలో, మొహం కావాలంటే ముందెళ్ళి కూర్చోవాలి" అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు. బండి ఆపగానే ఇంజను కట్టేసేవాడు. తాళంచెవి గుత్తి చప్పుడు చేస్తుందని, చెవి తీసి గుప్పిట్లో పెట్టుకునేవాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, సీటుకు వెనక్కి వాలి, కదలకుండా ఉండిపోయేవాడు. టోపీ అంచు కిందనుంచి అన్నీ చూసేవాడు. కొత్తవాళ్ళు ఆయన నిద్రపోతున్నాడనుకునేవాళ్ళు.

అంతా బాగానే ఉండేది గానీ, కాలు. ఆయనకు కుడికాలు ఊపే అలవాటు. మడమ ఎత్తి, వేళ్ళ మీద. మూడుసార్లు గబగబా, ఒకసారి ఆగడం. మళ్ళీ మూడు, మళ్ళీ ఆగడం. అది ఆయనకు తెలిసి చేసేది కాదు. అన్నం తింటున్నా ఊపేవాడు. మంచం మీద పడుకుని కూడా ఊపేవాడు, మంచం అంతా వణికేది.

"ఏమయ్యా, ఆ కాలు కట్టేయమంటావా?" అనేదాన్ని.

"ఆ, తాడు తీసుకురా. నువ్వెక్కడ పడుకుంటావో చూసుకో మరి."

"నేను కింద పడుకుంటాను."

"కింద కూడా ఊగుతుందే. ఇల్లే ఊగుతోంది."

ముప్పై నాలుగేళ్ళు ఆ మంచం మీద పడుకున్నాను. ఊగుతుంటేనే నిద్ర పట్టేది నాకు.

ఏడాదికోసారి ఒక టీచరమ్మ వచ్చేది. బళ్ళో టీచరు కాదు. జంతువుల ఫోటోలు ఎలా తీయాలో నేర్పే టీచరు. నలుగురైదుగుర్ని వెంటేసుకుని వచ్చి, వారం రోజులు ఉండేది. పల్చటి మనిషి, గట్టి గొంతు, కానీ జీపులో మాత్రం పెదవులతోనే మాట్లాడేది. ఆమె చెప్పేవన్నీ మా ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు. జంతువు కన్ను మీద గురి పెట్టండి, కన్ను మసకైతే ఇంకేది బాగున్నా దండగ. మీ ఎత్తునుంచి కాదు, దాని ఎత్తునుంచి చూడండి. ఊపిరి వదిలాక నొక్కండి, పీల్చేటప్పుడు కాదు. జీపులో కూర్చుని ఏ ఫోటో చెరపకండి, ఇంటికెళ్ళి పెద్ద తెర మీద చూశాక చెరపండి. వీటిలో ఎన్నో మా ఆయన అంతకుముందు నుంచే అంటున్న మాటలు. ఆ మాట నేనంటే, "చెప్పనీలే, ఆవిడ చెబితే వింటారు" అనేవాడు.

ఆమె శిష్యుల్లో ఒకాయన పళ్ళ డాక్టరు. అప్పటికే పని మానేశాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల జీపు వెనక సీట్లలోకి ఎక్కలేడు. ఎప్పుడూ ముందర, మా ఆయన పక్కన కూర్చునేవాడు. అందరికన్నా ఖరీదైన కెమెరా ఆయనది, అందరికన్నా పాడైన ఫోటోలూ ఆయనవే. ఒక్కటీ కుదిరేది కాదు. ఏనుగును తీసినా నీళ్ళలో నీడలా వచ్చేది.

"ఈ చేతులతోనా మీరు పళ్ళు పీకింది?" అనేదట టీచరమ్మ.

"పీకేటప్పుడు ఎదుటివాడు కదులుతాడమ్మా, నేను కాదు" అనేవాడట ఆయన.

మా ఆయన ఈ సంగతి చెప్పి ఒకటే నవ్వేవాడు. నవ్వుతూ కాలు ఊపేవాడు. జీపులో కూడా ఊపుతాడని, టీచరమ్మ వెనకనుంచి మెల్లగా "కాలు" అంటుందని నాకు తెలుసు. ఆ మాట వినగానే ఆపేవాడట. ఓ పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాడట.

ఎవరి సంచి ఎవరిదో తెలియడానికి ప్రతి సంచికీ ఒక చీటీ కట్టాలి. పేర్లు మా ఆయనే రాసేవాడు. నాకు రాదు.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ రోజు పొద్దున నేను సంచులు జీపులో పెడుతుంటే, ఎడమ భుజం లాగుతోందన్నాడు. "నాలుగు సంచులు ఒక్కసారి మోస్తే లాగదా మరి" అన్నాను. ఆయన జీపెక్కాడు. జీపు వెళ్ళిపోయింది. నేను లోపలికొచ్చి ఇల్లు ఊడ్చుకున్నాను.

తర్వాత నాకు చెప్పింది ఇది. నీటి గుంట దగ్గర ఒక చిరుతపులి కనపడింది. దాంతో రెండు పిల్లలు. చిరుత పిల్లల్ని బయటికి తేవడం అందరికీ కనపడేది కాదు. మా ఆయన ఎప్పటిలాగే ఎదురుగా బండి ఆపి, ఇంజను కట్టి, చెవి గుప్పిట్లో పెట్టుకుని, టోపీ లాక్కుని వాలిపోయాడు. ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ కదలకూడదు, అది వాళ్ళ పద్ధతి. దాదాపు గంటసేపు ఫోటోలు తీశారు. పిల్లలు తల్లి తోకతో ఆడుకున్నాయి. చివరికి తల్లి లేచి పొదల్లోకి వెళ్ళిపోయింది. టీచరమ్మ "ఇక వెళ్దాం" అంది. జీపు కదల్లేదు. మళ్ళీ అంది. డాక్టరు గారు భుజం తట్టారు. టోపీ ఒళ్ళో పడింది.

టీచరమ్మే జీపు నడుపుకుంటూ గేటు దాకా వచ్చింది. అక్కడినుంచి మా మరిది ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వాడు కూడా డ్రైవరే. ఆసుపత్రి గంట దూరం. అక్కడి డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "ఓ అరగంట ముందు తెచ్చి ఉంటే ఏమైనా చూసేవాళ్ళం" అన్నాడట. అందరికీ అనే మాటే కావచ్చు. మరిది ఇంటికొచ్చి నాకు ఆ మాట చెప్పేశాడు. చెప్పకుండా ఉండాల్సింది.

టీచరమ్మ నా చేతులు పట్టుకుని, "చివరిదాకా చూశాడమ్మా. పిల్లలు వెళ్ళిపోయాక, మేం సంచులు సర్దుకునేటప్పుడు పోయుంటాడు. ఏ బాధా పడలేదు" అంది. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. మర్నాడు సంచులు విప్పి బియ్యం ఎండలో పోశాను.

అప్పటినుంచి నాకు కావాల్సింది ఒక్కటే. ఎప్పుడు? వాళ్ళు సర్దుకునేటప్పుడా, అంతకు ముందా? సర్దుకునేటప్పుడైతే ఎవరూ ఏం చేయగలిగేది లేదు. ముందే అయితే, ఆ అరగంట వాళ్ళ దగ్గర ఉంది. ఐదుగురు ఆయన చుట్టూ కూర్చుని చిరుతను చూస్తున్నారు. ఈ సంగతి ఎవర్నీ అడగలేదు. అడిగితే నిష్ఠూరంలా ఉంటుంది. మనసులో పెట్టుకుని సంచులు కుట్టుకున్నాను.

ఆసుపత్రి వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. మరిది చదివి తొమ్మిదీ పది అన్నాడు. ఇంకొకళ్ళు చదివి అది సమయం కాదు, నంబరు అన్నారు. కాగితం నా పెట్టెలోనే ఉంది, నేనే చదవలేను. ఇంకో తంటా, చీటీలు. పేర్లు రాసే మనిషి లేడు. నేను బొమ్మలు గీసి కట్టాను. టీచరమ్మకు కళ్ళజోడు, డాక్టరు గారికి పన్ను. ఆ పన్ను ముల్లంగిలా వచ్చింది. అయినా ఆయన చూసి సంతోషపడ్డాడు.

మా తోటికోడలు గేటు దగ్గర రిజిస్టరు రాస్తుంది. ఏ జీపు ఎన్నింటికి లోపలికి వెళ్ళింది, ఎన్నింటికి వచ్చింది. ఒకరోజు, "నాకు చదవడం నేర్పు" అన్నాను.

"ఇప్పుడా అక్కా? నీకు కళ్ళజోడు కూడా లేదు."

"ముందు జోడు కొనుక్కుని వస్తాను."

"కొనుక్కునిరా. బెత్తం మాత్రం నేను తెచ్చుకుంటాను."

"తెచ్చుకో. నీ పెళ్ళికి నీకు చీర కట్టింది నేను, గుర్తుపెట్టుకో."

గేటు గదిలో, మధ్యాహ్నం జీపులు లేని వేళ, పాత రిజిస్టర్లే నాకు పలకా పుస్తకమూ అయ్యాయి. తను ఓపిగ్గా చెప్పేది, మధ్యలో వెక్కిరించేది. "అక్కా, ఆ కొమ్ము అలా పడుకుంటే దాని కింద దుప్పటి పరుస్తావా?" ఏడాది పట్టింది. అంకెలు ముందే వచ్చేశాయి. ఆ రోజు పేజీ నేనే వెతుక్కున్నాను. మా ఆయన జీపు లోపలికి వెళ్ళింది 5:50. బయటికి వచ్చింది 8:05. తర్వాత ఆసుపత్రి కాగితం తీసి చదువుకున్నాను. తెచ్చేటప్పటికే ప్రాణం లేదు, తెచ్చిన సమయం 9:10. అంతే. పోయిన సమయం ఎక్కడా లేదు. చదువు వచ్చాక తెలిసింది, అది ఎవరూ రాయలేదని.

డాక్టరు గారు మాత్రం ఏటా వస్తూనే ఉన్నారు. ఇప్పుడు మా మరిది జీపు. ఆశ్చర్యం ఏమంటే, ఆయన ఫోటోలు బాగుపడ్డాయి. బాగుపడటం కాదు, టీచరమ్మ వాటితో పోటీకి వచ్చాయి. మరిది అనేవాడు, "వదినా, మీ డాక్టరు చెయ్యి కుదిరిందే! మొన్న ఈగ కాలు మీద వెంట్రుకలు కూడా కనబడ్డాయి."

ఈ ఏడు ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. సాయంత్రం జీపులు వెళ్ళవన్నారు. డాక్టరు గారు తన సంచి పట్టుకుని, వాళ్ళు దిగే బసలో నేనున్న భోజనాల గదిలోకి వచ్చారు. కుట్టు ఒక మూల ఊడింది. నేను అక్కడే సూదీ దారం తీసుకుని కూర్చున్నాను. ఆయన నా ఎదురుగా కంప్యూటరు తెరిచారు.

"సంచులమ్మా, నీకొకటి చూపించాలి. మా ఊళ్ళో ఒక సంఘం వాళ్ళు నన్ను మాట్లాడమన్నారు. అడవిలో ఫోటోలు బాగా తీయడం ఎలా అని."

"మిమ్మల్నా?"

"అదే, నేనూ అలాగే అన్నాను." ఆయన నవ్వారు. "కానీ చూడు, ఇంతకన్నా మంచి పాఠం ఇంకోటి ఉండదు. పన్నెండేళ్ళు తప్పుగా తీసినవాడు ఒక్కరోజులో నేర్చుకున్నాడు. అది కూడా ఏ నిమిషంలో నేర్చుకున్నాడో చూపించగలను."

"ఏ రోజు?"

"ఆ రోజే అమ్మా. నీకు బాధైతే మూసేస్తాను."

"చూపించండి" అన్నాను.

తెర మీద పక్కపక్కన రెండు ఫోటోలు పెట్టారు. ఎడమవైపు చిరుత, పక్కన పిల్లలు, అంతా చెదిరిపోయి, మచ్చలు మచ్చలతో కలిసిపోయి, ఉతికి పిండిన గుడ్డలా ఉంది. కుడివైపు అదే చిరుత. మీసాలు లెక్కపెట్టచ్చు. పిల్ల కంట్లో ఆకాశం కనపడుతోంది.

"చూశావా? ఒకే చోటు, ఒకే వెలుతురు, ఒకే కెమెరా. ఏం మారింది? నేను మారాను. ఊపిరి వదిలి నొక్కడం అప్పుడు పట్టుబడింది. ఆ తర్వాత ఒక్కటి కదల్లేదు చూసుకో, ఈ రోజుదాకా."

ఫోటోల కింద సన్నగా అంకెలున్నాయి. మూడేళ్ళ కిందట అయితే అవి నాకు చీమల బారు. ఎడమదాని కింద 6:51. కుడిదాని కింద 6:53.

నేను సూది గుడ్డలో గుచ్చి పెట్టాను. "వీటి మధ్యలోవి ఉన్నాయా?"

"ఎందుకు లేవు? నేనేదీ చెరపను. టీచరమ్మ చెప్పింది కదా, జీపులో చెరపద్దని. నేను ఇంట్లో కూడా చెరపలేదు." ఆయన అన్నీ వరసగా పరిచారు, చిన్న చిన్న గళ్ళలో. "మొత్తం తొమ్మిది వందలు."

"మొదటినుంచి, ఒక్కొక్కటీ."

ఆయనకు హుషారొచ్చింది. ఎవరూ ఆయన ఫోటోలు అంత శ్రద్ధగా అడిగి ఉండరు. ఒక్కో మీట నొక్కుతూ పోయారు. 6:38, చిరుత వచ్చింది. ఆయన కెమెరా ఒకసారి నొక్కితే వరసగా చాలా తీసేస్తుంది, టపటపా. ఆ వరసలు చూస్తుంటే నాకు కనపడింది. కదిలినవి కొన్ని, నిలిచినది ఒకటి. మళ్ళీ కదిలినవి కొన్ని, నిలిచినది ఒకటి. 6:40, అలాగే. 6:44, అలాగే. మధ్యలో 6:46 దగ్గర ఓ గుప్పెడు ఫోటోలు బాగా వచ్చాయి.

"ఇక్కడ ఏమైంది?" అని అడిగాను.

"ఇక్కడా? గుర్తులేదు. ఆ, టీచరమ్మ 'కాలు' అంది. ఎప్పుడూ అనేదే కదా."

తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. గబగబా, ఒక ఆగడం. గబగబా, ఒక ఆగడం. బల్ల మీద నా వేలు ఆ ఫోటోలతో పాటు ఆడుతోంది, నేను ఆపలేదు. అవి ఒక్కచోట కూడా తడబడలేదు. నొప్పి వచ్చినవాడి కాలు అలా ఆడదు. 6:52 దగ్గర ఒక పిల్ల తల్లి మీదికి దూకుతోంది. కదిలింది. కదిలింది. ఇంకొకటి. తర్వాతది నిలిచింది. దాని తర్వాతది కూడా నిలిచింది. ఆ తర్వాతది, ఆ తర్వాతది. డాక్టరు గారు నొక్కుతూనే ఉన్నారు. అన్నీ నిలిచే ఉన్నాయి. పిల్ల దూకింది, పడింది, తల్లి దాన్ని కాలితో తోసింది. అన్నిటిలో మీసాలు కనపడుతున్నాయి. 7:00. 7:10. 7:34. తల్లి లేచింది. పొదలు.

"చూశావా?" అన్నారు డాక్టరు గారు.

"చూశాను."

అంటే 6:52 నుంచి 7:34 దాకా, నలభై రెండు నిమిషాలు. నాకు ఏదైనా అనిపించాలి. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. గదిలో వాన చప్పుడు, వంటవాళ్ళు గిన్నెలు తోముతున్న చప్పుడు. చెయ్యి మొద్దుబారితే గిల్లినా తెలియదు, అలా ఉంది. చిరుత వచ్చాక పద్నాలుగు నిమిషాలు చూశాడు అనుకున్నాను. పిల్ల దూకబోవడం చూశాడు. కింద పడటం చూడలేదు.

"డాక్టరు గారూ, నాకు ఒక ఫోటో కావాలి. అచ్చు వేయించి పంపుతారా?"

"అదేం మాటమ్మా! ఏది కావాలంటే అది. గోడంత వేయిస్తాను." ఆయన 7:00 దగ్గరికి పోబోయారు.

"కాదు. వెనక్కి. ఇంకా వెనక్కి. అది. ఆ మూడోది."

6:52ది. నిలిచినదానికి ముందుది. చిరుత ఎక్కడుందో, పిల్ల ఎక్కడుందో తెలియడం లేదు. పసుపూ నలుపూ అటూ ఇటూ చెరిగిపోయి ఉన్నాయి.

"ఇదా? ఇది పాడైంది కదమ్మా. దీన్లో ఏమీ లేదు."

"అదే కావాలి."

"పొరపాటు పడుతున్నావు. నీ కళ్ళజోడు తుడుచుకుని చూడు. దీనికి పక్కదాన్ని వేయిస్తాను, పోనీ."

"పక్కదాన్లో జీపు కదలడం లేదండీ" అన్నాను.

అనాలని అనలేదు. అప్పటిదాకా ఆయనకు చెప్పకూడదనే అనుకున్నాను. పన్నెండేళ్ళకు ఒక్క పని కుదిరిందని సంతోషపడుతున్న మనిషి. నోటికి వచ్చేసింది.

డాక్టరు గారు నా వైపు చూశారు. తర్వాత బల్ల మీద నా వేలు చూశారు. అది ఇంకా ఆడుతోంది. మూడు, ఒకటి. ఆయన ఆ సీట్లో పన్నెండేళ్ళు కూర్చున్నాడు. వెనక సీట్ల వాళ్ళకు కొంచెమే తెలిసే ఊపు ఆయనకు పూర్తిగా తెలిసి ఉండాలి, అలవాటై తెలియకుండా పోయి ఉండాలి. నాకు మంచం అయినట్టు. ఆయన మళ్ళీ తెర వైపు తిరిగి, వెనక్కి, ముందుకి, వెనక్కి, ముందుకి నొక్కారు. చాలాసేపు నొక్కారు. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చెవి చల్లగా ఉంది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏ చెవి?"

"తాళంచెవి. జీపు నడపాలి కదా, ఆయన గుప్పిట విప్పి నేనే తీశాను. చల్లగా ఉంది. గుప్పిట్లో ఉన్న ఇనుము చల్లగా ఎందుకుంటుందమ్మా? నేను పళ్ళ డాక్టర్నే కావచ్చు, అంత తెలీదా? ఆ రోజే తెలుసు నాకు. సర్దుకునేటప్పుడు పోయాడని టీచరమ్మ అంటే, కాదనలేదు. అవునేమో అనుకున్నాను. అవును అవును అనుకుని, ఇదిగో, ఇలా ఫోటోలు చూపించుకుంటూ తిరుగుతున్నాను."

ఆయన రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. పెద్దమనిషి, నా ముందు అలా కూర్చుంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. క్షమించానని అనలేదు, ఎందుకంటే అలాంటిదేమీ నా లోపల జరగలేదు. మీ తప్పేమీ లేదని కూడా అనలేదు. కదలకుండా కూర్చోవడమే వాళ్ళ పద్ధతి. ఆ పద్ధతి వాళ్ళకు నేర్పింది మా ఆయనే.

"భుజం లాగుతోందని నాతో అన్నాడు పొద్దున" అన్నాను. "సంచులు మోసినందుకు అన్నాను నేను."

ఆయన తల ఎత్తారు. నేను సూది తీసుకుని మిగతా కుట్టు వేశాను. రెండో వరస కూడా వేసి, దారం కొరికి, సంచి ఆయన ముందు పెట్టాను.

"రేపు వాన తగ్గుతుందట. మరిది చెప్పాడు. ఐదింటికి జీపు."

"నేను రానమ్మా రేపు."

"రండి. చీటీ కూడా రాసి పెట్టాను మీకు, పేరుతో."

ఆయన చీటీ పట్టుకుని చూశారు. "పన్నే బాగుండేది" అన్నారు, మెల్లగా.

మర్నాడు వచ్చారు. ఆ సంఘంలో మాట్లాడారో లేదో నాకు తెలియదు. నెల తర్వాత ఒక పెద్ద కవరు వచ్చింది. అట్టముక్కల మధ్య ఫోటో. నేను అడిగినదే, ఏ మార్పూ చేయకుండా. వెనక ఆయన ఏమీ రాయలేదు. నేను రాశాను. ఆ రోజు తారీఖు, కింద 6:52. చూసి రాయకుండా నా అంతట నేను రాసిన మొదటి సంగతి అది. ఆసుపత్రి కాగితం దాని వెనకాలే పెట్టి చట్రం కట్టించాను.

ఇప్పుడది మంచం ఎదురుగా గోడకు ఉంది. మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అంటారు. మొన్న మరిది కొత్త డ్రైవరు ఒకతన్ని తీసుకొచ్చాడు. అతను దాని ముందు నిలబడి, తల అటు వంచి, ఇటు వంచి, "ఇదేంటండీ?" అన్నాడు.

"చిరుతపులి" అన్నాను.

"ఎవరు తీశారండీ ఇంత ఘోరంగా?"

"పళ్ళ డాక్టరు."

"అయితే సరే" అన్నాడు. మరిది నవ్వలేదు. వాడికి తెలుసు. వాడు మంచం అంచు మీద కూర్చుని ఉన్నాడు, వాడి రెండు కాళ్ళూ నేల మీద గట్టిగా ఆనించి ఉన్నాయి. వాళ్ళిద్దరికీ టీ ఇచ్చి, మర్నాటి సంచుల్లోకి బియ్యం పోయడానికి లేచాను. ముప్పాతిక.

ఇట్లు,
సంచులమ్మ
వయసు అరవై ఒకటి
ఇప్పుడు ఉండేది అడవి గేటు వెనకాల, డ్రైవర్ల ఇళ్ళలో నాలుగోది